పొయ్యి వెనక చేపల వాసన

నేను ఒక టెస్టర్‌ని. దేన్నీ నమ్మకుండా ఉండడానికే నన్ను తయారుచేశారు. జానెడు కూడా ఉండను. ముందు స్క్రూలు తిప్పే ఇనప మొన, వెనక పసుపుపచ్చ గాజులాంటి పిడి, పిడిలో మినపగింజంత దీపం. మొనను తీగకు ఆనించి నా తల మీది బిళ్ళ మీద వేలు పెడితే, అక్కడ కరెంటు ఉంటే దీపం ఎర్రగా వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఆ మనిషి ఒంట్లోంచి కూడా చీమ తలంత కరెంటు పోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిస్తే నన్ను ముట్టుకోరేమో.

డజను మందిమి ఒక అట్టకు గుచ్చి ఉండేవాళ్ళం. విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో ఒక దుకాణం గుమ్మానికి మమ్మల్ని వేలాడదీశారు. రోజుకొకరు తగ్గిపోయేవారు. పక్కవాణ్ణి లాగేస్తుంటే ఎక్కడికని అడగడానికి వీలుండేది కాదు. అట్ట మీద కన్నం మాత్రం మిగిలేది. విడిపోవడం అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు.

నన్ను కొన్నవాడు గౌరునాయుడు. కొనే ముందు దుకాణంలో ప్లగ్గులో పెట్టి చూశాడు. వెలిగాను. అయినా పక్క ప్లగ్గులో కూడా పెట్టి చూశాడు. తగినవాడి చేతిలోనే పడ్డాననుకున్నాను.

అతను తూర్పు కొండల్లో ఒక కరెంటు ప్రాజెక్టు క్యాంపులో ఎలక్ట్రీషియన్. కొండ మీంచి నీళ్ళు దూకితే అక్కడ కరెంటు పుడుతుంది. గ్యాస్ బండలు ఘాట్ రోడ్డెక్కి రావడం కష్టం, కరెంటుకు మాత్రం కొదవ లేదు. అందుకని గెస్ట్‌హౌస్ వంటగదిలో పెద్ద కరెంటు పొయ్యి పెట్టారు. పైన నాలుగు ఇనప ప్లేట్లు, కింద ఓవెన్. దాని మీద పదకొండేళ్ళుగా వండుతున్నది పైడమ్మ. మొగుడు పోయాక ఆమెకు ఆ పనీ, గెస్ట్‌హౌస్ వెనక ఒక గదీ ఇచ్చారు. పని పోతే గదీ పోతుంది. ఆ మాట ఆమె ఎప్పుడూ అనేది కాదు గాని, పొయ్యిని తుడిచే తీరు చూస్తే తెలిసేది.

గెస్ట్‌హౌస్ చూసుకునే విశ్వేశ్వరం గారు ఉప్పు డబ్బా మూత పక్కకు జరిగి ఉంటే ఎవరు జరిపారని అడిగే మనిషి. ఆ వంటగదిలో నీచు వండకూడదని ఆయన పెట్టిన నియమం.

ఒక మంగళవారం పెద్ద అధికారులు భోజనానికి వచ్చారు. నాలుగు ప్లేట్లూ, ఓవెనూ వేసి అరగంట గడిచేసరికి పొయ్యి మొత్తం ఆగిపోయింది. అన్నం సగం ఉడికి నిలిచిపోయింది. కబురందుకుని గౌరునాయుడు వచ్చేసరికి గంట పట్టింది. మీట తిప్పితే ప్లేట్లన్నీ సుబ్బరంగా వేడెక్కాయి.

"ఏటమ్మా, బాగానే ఉంది గదా?" అన్నాడు.

"ఇప్పుడు బాగున్నాది బాబూ. ఇందాక సచ్చిపోనాది. ఆగిపోయే ముందర ఎనకాల నుంచి సేపల కంపొచ్చింది."

"ఆ వాసన నాకూ వచ్చింది," అన్నారు విశ్వేశ్వరం గారు గుమ్మంలోంచి. "పొయ్యి తనంతట తను చేపలు వండుకోదు గదా పైడమ్మా."

"నానూ అదే అంతన్నాను బాబూ. వొండకుండా ఎలగ వత్తాది?"

ఆయన దాన్ని ఎకసెక్కం అనుకున్నారు. ఆమె నిజంగానే అడిగింది.

అప్పటినుంచి ఆ వంటగదిలో అందరూ వాసన చూడడమే పనిగా పెట్టుకున్నారు. పదిరోజుల తర్వాత మళ్ళీ వంట మధ్యలో పొయ్యి ఆగింది, మళ్ళీ అదే వాసన. ఈసారి గౌరునాయుడు పరుగున వచ్చాడు. ప్లేట్లు ఇంకా పనిచేయడం లేదు. గోడ మీది స్విచ్‌బోర్డు విప్పి, పొయ్యికి పోయే తీగకు నన్ను ఆనించాడు. వెలిగాను.

"సప్లై బాగానే ఉంది సార్. పొయ్యి లోపలే ఏదో పోయింది."

ఒక ప్లేటు కింద నూనె మరక కనబడింది. వంటగదిలో నూనె మరక కాక ఏముంటుంది? కాని చేపలు వేపి, నూనె ఒలికించి పొయ్యి పాడుచేసిందనడానికి విశ్వేశ్వరం గారికి అది చాలు. తిన్నగా వెనక గదికి నడిచి, అటక మీది గుడ్డ మూట విప్పించారు. గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు.

"అయి నా కూడులోకి బాబూ. నా కర్రల పొయ్యి మీద వొండుకుంతాను. అదుగో, బూడిద సూడండి."

ఆయన బూడిద వైపు చూడలేదు. గౌరునాయుడి వైపు తిరిగారు. "కరెంటు ఉందా లేదా? ఒక్క మాట చెప్పు."

గౌరునాయుడు జేబులోంచి నన్ను తీసి చూపించాడు. "టెస్టర్ వెలిగింది సార్."

పైడమ్మ నా వైపు చూసింది. "పొయ్యి సల్లగున్నాదని ఆ ఇనప సీలకేటి తెలుసు?"

మర్నాడు రెండు గంటల బస్సుకు ఆమె వెళ్ళిపోయింది. రేకు పెట్టెను బస్సు మీదికి ఎత్తినవాడు గౌరునాయుడే. నేను అతని జేబులో ఉన్నాను. ఆమె కిటికీలోంచి గెస్ట్‌హౌస్ వంటగది వైపు చూసింది గాని మా వైపు చూడలేదు. బస్సు మలుపు తిరిగాక కూడా గౌరునాయుడు అక్కడే నిలబడ్డాడు. పూర్ణా మార్కెట్ అట్ట మీది కన్నాలు నాకు గుర్తొచ్చాయి.

కొత్త వంటమనిషి వెల్లుల్లి కూడా ముట్టనివాడు. నాలుగోరోజు ఓవెన్, ప్లేట్లు కలిపి వేశాడు. అరగంటకు వంటగదంతా చేపల వాసన. పొయ్యి ఆగింది.

విశ్వేశ్వరం గారు అతని మొహం చూశారు, వెనక గదికి వెళ్ళి అటక చూశారు.

గౌరునాయుడు ఈసారి పొయ్యినే గోడ నుంచి బయటికి లాగాడు. వెనక రేకు విప్పాడు. తీగలు బిగించిన నల్ల బేకలైట్ దిమ్మ కనబడింది. తిరుగు తీగ బిగించిన స్క్రూకి నా మొన యథాలాపంగా తగిలింది. నేను వెలిగాను. అక్కడ నేను వెలగకూడదు. గౌరునాయుడి వేలు నా తల మీదే ఉండిపోయింది.

కరెంటు ఒక తీగలో వచ్చి, పొయ్యిలో పని చేసి, రెండో తీగలో తిరిగి వెళ్ళాలి. తిరుగుదారి తెగితే, వచ్చింది వచ్చినట్టు నిలిచిపోతుంది. పని జరగదు. నేను మాత్రం వెలుగుతాను. ఆ రోజు స్విచ్‌బోర్డు దగ్గర నేను అబద్ధం చెప్పలేదు. వచ్చే తీగ సంగతే చెప్పాను. తిరుగు తీగ సంగతి నన్నెవరూ అడగలేదు.

మెయిన్ ఆపి చూస్తే స్క్రూ వదులుగా ఉంది. పొయ్యి అంతా ఒకేసారి వేస్తే ఆ వదులు చోట వేడెక్కి తీగ పట్టు వదిలేది. చల్లారితే మళ్ళీ ఆనుకునేది. కింది దిమ్మ మాడి పెచ్చులూడింది. విశ్వేశ్వరం గారు ఒక పెచ్చు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇదే వాసన," అన్నారు. తర్వాత, "రమ్మను ఆమెని," అన్నారు. తను వెళ్తానని మాత్రం అనలేదు.

గౌరునాయుడు వెళ్ళాడు. పైడమ్మ ఘాట్ రోడ్డు దిగువన, రోడ్డు పక్క ఒక గది తీసుకుని కర్రల పొయ్యి మీద ఇడ్లీలు వేస్తోంది. కాగితంలో చుట్టిన పెచ్చు ఆమె చేతిలో పెట్టాడు. వాసన చూసి చిన్నగా నవ్వింది.

"ఇదే. నాను సెప్పినాను గదా, ఎనకాల నుంచని."

"సార్ రమ్మన్నారమ్మా. గది అలాగే ఉంది."

"గది ఎతికినప్పుడు నువ్వు గుమ్మంలోనే నిల్సున్నావు గౌరిబాబూ. నా బూడిద నువ్వైనా సూసినావా?"

"టెస్టర్ వెలిగిందమ్మా. నేను..."

"దాన్ని నమ్మినావు. పదకొండేళ్ళు నా సేతి కూడు తిన్నావు." ఆకు వేసి రెండు ఇడ్లీలు పెట్టింది. "తిను. సల్లారిపోతాది. నాను రాను."

అతను తల వంచుకుని తిన్నాడు. చేతులు కడుక్కున్నాక, గోడ మీద ఊగుతున్న స్విచ్‌ను చూసి ఉండబట్టలేక నాతో స్క్రూలు బిగించాడు. ఎంతసేపు బిగించాడో. బస్సు హారన్ వేసింది. నన్ను కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మరిచిపోయాడో, వదిలేశాడో, నేను ఇంకా తేల్చుకోలేదు.

మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నేను పైడమ్మ దగ్గర ఉన్నాను. రోజూ దీపాలు పెట్టే వేళకు ఆమె నన్ను ప్లగ్గులో ఆనించి, తల మీద వేలు పెడుతుంది. నేను వెలుగుతాను. ఆమె "ఊఁ" అని స్విచ్ వేసి బల్బు వైపు చూస్తుంది. అది వెలిగితేనే నన్ను కింద పెడుతుంది. గాలివానకు ఎక్కడో తిరుగు తీగ తెగిన రోజున నేను వెలుగుతాను, బల్బు వెలగదు. అప్పుడు ఆమె నన్ను చూసి, "నువ్వలగే అంతావులే," అని కొవ్వొత్తి అందుకుంటుంది.