తూకానికి ముందు విందు

సింహాద్రి కాటా ఎక్కి ఊపిరి బిగబట్టాడు. ఎండుకొబ్బరి కురిడీలు తూచే పాత ఇనప కాటా అది. కడ్డీ మీది గుండును వేలి కొసతో యాభై ఒకటి దాకా జరిపాడు. కడ్డీ కాస్త ఊగి, సమంగా నిలిచింది. అప్పుడు ఊపిరి వదిలి దిగి, లుంగీ ఎగగట్టి గునపం దగ్గరికి నడిచాడు.

అంబాజీపేట రోడ్డులో కామరాజు కొబ్బరి కొట్టులో ఇది రోజూ ఉన్నదే. తక్కినవాళ్ళు టీ తాగి పనిలోకి దిగితే, సింహాద్రి కాటా ఎక్కి దిగుతాడు. ఏళ్ళ తరబడి ఏ బాక్సింగ్ పోటీకీ వెళ్ళని మనిషికి ఈ తూకాలెందుకని కామరాజు మొదట్లో అడిగేవాడు. సింహాద్రి నవ్వి గునపం దగ్గరికి పోయేవాడు. కొన్నాళ్ళకి కామరాజే అడగడం మానేశాడు.

నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి, నడుం దగ్గర్నుంచి ఒళ్ళంతా తిప్పి నొక్కితే పైనున్న పీచు డొక్క చీలుతుంది. చేత్తో వొలిచేవాడికి మధ్యాహ్నానికే భుజం పడిపోతుంది. నడుంతో వొలిచేవాడు సాయంత్రం దాకా లాగుతాడు. సింహాద్రి ఎడమచేతి దెబ్బ ఆ తిప్పులోంచే పుట్టింది. మనిషి పొట్టి, మెడ లావు. వేలి కణుపులు నలిగి చదునైపోయాయి. ఎడమ కన్ను ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, ఏడుస్తున్నాడేమో అనిపిస్తుంది. అలా ఏడ్చే రకం కాదు.

ఈరోజు మాత్రం అతని చూపు కాయ మీద లేదు. కొట్టు వెనక వేపచెట్టుకి పీచు కుక్కిన గోనెసంచి వేలాడుతోంది. దుర్గ దాన్ని మెల్లగా, ఒళ్ళు వేడెక్కేంత వరకే కొడుతోంది. అదే కొట్టులో కురిడీ కొట్టే అచ్చాయమ్మ కూతురు వెంకటదుర్గ, ఇంటర్ చదువుతోంది, సింహాద్రి దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటోంది. రేపు పొద్దున రాజమండ్రిలో ఆడపిల్లల రాష్ట్రపోటీలకి తూకం. నలభై ఎనిమిది కిలోల విభాగం. నిన్న సాయంత్రం కాటా మీద సరిగ్గా గీత దగ్గర ఆగింది. ఈ పూటంతా పల్చటి గంజి తప్ప ఇంకేమీ ముట్టొద్దని సింహాద్రి చెప్పాడు. నెగ్గితే పోలీసు ఉద్యోగానికి దారి. నెగ్గడం తర్వాత సంగతి, ముందు తూకం దాటాలి. తూకం దాటనివాడికి ఏం మిగులుతుందో ఈ భూమ్మీద సింహాద్రికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పదిగంటల వేళ నాగబాబు మోటారుసైకిల్ మీద వచ్చాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు దగ్గర పనులు చూసే మనిషి. ఆ సుబ్రహ్మణ్యేశ్వరరావు ఒకప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. పదవి పోయి చాలా కాలమైనా ఊరికి ఇంకా ప్రెసిడెంటుగారే. ఊరి పిల్ల పోటీకి వెళ్తోందని మధ్యాహ్నం ఆయన భోజనాలు పెడుతున్నారట, దుర్గ తప్పకుండా రావాలట, ఫొటోగ్రాఫర్ని కూడా పిలిపించారట. చెప్పి వెళ్ళిపోయాడు.

సింహాద్రి చేతిలో కాయ గునపం మీదే ఉండిపోయింది. దుర్గ వచ్చి పక్కన నిలబడింది. "ఎల్లకపోతే అమ్మనేవంటారోనండి, మాస్టారూ" అంది. అచ్చాయమ్మ పాక ఉన్నది ప్రెసిడెంటుగారి తోటలో.

ఈ కోనసీమ మర్యాద అంతా ఇంతా కాదు. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు. కడుపు నిండిందంటే మొహమాటపడకండి అంటారు. నిజంగానే వద్దంటే, మా ఇంటి తిండి పనికిరాలేదా అని మొహం ముడుచుకుంటారు. మెచ్చుకుంటాం, పాటలు కడతాం, ఊరూరా చెప్పుకుంటాం. అదంతా పెట్టేవాడి గొప్ప. తినేవాడి గతేమిటో ఒక్కడూ అడగడు.

తొంభైలో సింహాద్రికి ఇరవై రెండేళ్ళు. యాభై ఒక్క కిలోల విభాగంలో జిల్లా నెగ్గాడు, రాష్ట్రం నెగ్గాడు. జాతీయ పోటీలకి ఎంపిక హైదరాబాదులో. అక్కడ నెగ్గితే రైల్వేలో ఉద్యోగం ఖాయమన్నారు. బయల్దేరేముందు రోజు రాత్రి ప్రెసిడెంటుగారు విందు చేశారు. పనసపొట్టు కూర, పులిహోర, కోడి, పూర్ణం బూరెలు, మీగడ పెరుగు. సింహాద్రి వద్దన్నాడు. రెండోసారీ వద్దన్నాడు. ప్రెసిడెంటుగారు స్వయంగా బూరె చేతిలోకి తీసుకుని, "మా చేతి ముద్ద దక్కిందంటే నువ్వు నెగ్గినట్టేరా" అన్నారు. తండ్రి ఆ ఇంటి పాలేరు. అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడి, తినరా అని కళ్ళతోనే బతిమాలాడు. సింహాద్రి తిన్నాడు.

హైదరాబాదులో రెండు స్వెట్టర్లు తొడుక్కుని మైదానం చుట్టూ పరుగెత్తాడు. నోట్లో తడి ఆరిపోయేదాకా ఉమ్మాడు. గుండు గీయించుకున్నాడు. అయినా కాటా పావుకిలో ఎక్కువే చూపించింది. పోటీలోకే రానివ్వలేదు.

ఒళ్ళు మండే సంగతి ఆ తర్వాతది. తిరిగొస్తే ప్రెసిడెంటుగారు అరుగు మీద కూర్చుని అందరి ముందూ అన్నారు: "వెధవ, తిండి దగ్గర ఓడిపోయేడు." అంతే, ఊరందరికీ అదే మాట. టీకొట్టులో అదే, సెలూన్లో అదే. పెళ్ళిలో పంక్తిలో కూర్చుంటే సింహాద్రికి ఇంకో నాలుగు వెయ్యండర్రా అని నవ్వులు. ఎవరు పెట్టారో ఊరంతా చూసింది. ఒక్క నోరైనా పెగిలిందా? పెట్టినవాడు దాత, తిన్నవాడు తిండిపోతు! తండ్రి కూడా ఆ మాట మోస్తూనే పోయాడు.

ఆ ఊళ్ళో ఉండలేకే సింహాద్రి మద్రాసు వెళ్ళి డబ్బుకి కొట్టే పోటీల్లో చేరాడు. అక్కడి పోటీలకి పేరుండదు, లెక్క ఉండదు. ఒకసారి ఒక ఏజెంటు అతన్ని జపాను తీసుకెళ్ళాడు. ఒసాకాలో హిరోసే అనే కుర్రాడు, అమెచ్యూరుగా పతకాలన్నీ కొట్టి ప్రొఫెషనల్‌గా మొదటి పోటీకి దిగుతున్నాడు. అలాంటివాడి మొదటి పోటీకి కిందపడే మనిషి ఒకడు కావాలి. అందుకు కోనసీమ నుంచి కొన్నారు.

తూకం గదిలో హిరోసే ఎముకల గూడులా ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి. అతనితో వచ్చినవాళ్ళందరి పెదాలూ అలాగే ఉండడం సింహాద్రి గమనించాడు. ఎందుకని దుబాసీని అడిగితే, కుర్రాడు తినకుండా ఉన్నంతసేపూ వాళ్ళూ తినరని, నిన్నట్నుంచి కోచ్‌ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని చెప్పాడు. మూలన నిలబడ్డ ముసలాయన హిరోసే తండ్రి. ఆయనకి నూడుల్స్ దుకాణం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరందరికీ వండి పెట్టి, తను ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదట.

సింహాద్రి అక్కడ, ఆ పరాయి దేశంలో, చొక్కా లేకుండా గోడకి తిరిగి ఏడ్చాడు. భయపడ్డాడనుకుని దుబాసీ భుజం తట్టాడు. మర్నాడు పోటీలో ఎడమ కన్ను చితికింది. కింద మాత్రం పడలేదు. నిలబడే ఓడిపోయాడు. ఏజెంటుకి అదీ కోపమే.

అదీ సింహాద్రి కెరీరు. తిరిగొచ్చి మళ్ళీ గునపం పట్టుకున్నాడు. భార్య సత్యదుర్గ కువైట్లో వంటపనికి వెళ్ళి, శుక్రవారాలు కామరాజు ఫోనుకి చేస్తుంది. తిన్నావా అని అడిగితే తిన్నానంటాడు.

మధ్యాహ్నం ప్రెసిడెంటుగారి వాకిట్లో షామియానా కింద విస్తళ్ళు పరిచారు. దుర్గని నడిమధ్య కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. అచ్చాయమ్మ గోడవారగా కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. సింహాద్రి పంక్తిలో కూర్చోలేదు. నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ మడత నలగని పంచెతో ప్రెసిడెంటుగారు వచ్చి నాలుగు మాటలు చెప్పారు. ఊరి పరువు పిల్ల చేతిలో ఉందన్నారు. మన సింహాద్రిలా తిండి దగ్గర ఓడిపోవద్దన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే పళ్ళెంలోంచి బూరె తీసి దుర్గ విస్తట్లో వేశారు. దుర్గ చెయ్యి అడ్డం పెట్టింది. రెండో బూరె చేతి మీద పడింది. ఫొటోగ్రాఫరు తినమ్మా, నవ్వమ్మా అంటున్నాడు.

దుర్గ తల్లి వైపు చూసింది. అచ్చాయమ్మ కళ్ళలో సింహాద్రికి తన తండ్రి కనిపించాడు. దుర్గ బూరె తుంచింది.

సింహాద్రి పంక్తి దాటి వచ్చాడు. వంగి, వడ్డించిన వడ్డించినట్టే ఆ విస్తరిని తన చేతులతో మడిచేశాడు.

తినకముందే ఎదుటివాళ్ళ విస్తరి మడవడం! కొట్టినా అంత అవమానం కాదు. పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. నాగబాబు వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. సింహాద్రి విడిపించుకోలేదు. ఆ పిడికిలి లేస్తే నాగబాబు నెల్లాళ్ళు మంచం దిగడు. లేవలేదు.

"పెసిడెంటుగారండీ, ఆవేళ నాకు మీరే పెట్టేరండి. నేను ఆపుకోలేక తిన్లేదండి. మీ మాట తీసెయ్యలేక తిన్నానండి" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ చివరివాళ్ళకి కూడా వినపడింది.

పదిహేడేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట. అందులో కూడా ఎన్ని అండీలో చూడండి! ఆ పెద్దమనిషి అది విని సిగ్గుపడ్డాడా? "తిన్నింటి వాసాలు లెక్కెట్టే రకం" అన్నాడు. పంక్తిలో నలుగురు తల ఊపారు. మిగిలినవాళ్ళు విస్తళ్ళలోకి చూసుకున్నారు. దుర్గ దండ తీసి పక్కన పెట్టి, బూరె అంటిన వేళ్ళు కడుక్కుని, మాస్టారి వెనక నడిచింది.

దారిలో పిల్ల అడిగింది, రేపు తూకం తప్పుతానాండి అని. తప్పవన్నాడు. పొద్దున బస్సెక్కేముందు ఓసారి కాటా ఎక్కి చూసుకోమన్నాడు. ఈ రాత్రి తను కూడా ఏమీ తిననని మాత్రం చెప్పలేదు. పొద్దున్నించే తినలేదని కూడా చెప్పలేదు.

కొట్టుకి వచ్చి మళ్ళీ కాటా ఎక్కాడు. గుండు యాభై ఒకటి దగ్గర పెట్టి చూసుకుని, దిగి, మిగిలిన కాయలు వొలిచాడు. పొద్దు వాలేవేళ గుండెలో పట్టేసి ఎడమచెయ్యి లాగుతోందని డొక్కల గుట్టకి చేరబడ్డాడు. కామరాజు దీపం పెట్టి, ఇంటికెళ్ళవా అని పిలిచేసరికి సింహాద్రిలో ప్రాణం లేదు. ఎడమ కన్ను అప్పుడూ చెమ్మగానే ఉంది.

తెల్లారేసరికి కొట్టు ముందు జనం. చాప మీద పడుకోబెట్టిన మనిషికి దండ వెయ్యడానికి ప్రెసిడెంటుగారూ వచ్చారు. దండ వేసి, చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నారు: "ఏళకి తిండి తినేవోడు కాదు. కడుపు మాడ్చుకుని పోయేడు."

జనం అవునవునన్నారు. నిన్నటిదాకా తిండిపోతన్న నోళ్ళే అవి.

సంచి భుజాన వేసుకుని నిలబడ్డ దుర్గ ఆ మాట విన్నది. ఏడుస్తూనే జనంలోంచి వెనక్కి వెళ్ళి కాటా ఎక్కింది. గుండు యాభై ఒకటి దగ్గర ఉంది. దాన్ని నలభై ఎనిమిదికి జరిపింది. కడ్డీ సమంగా నిలిచింది.

అచ్చాయమ్మ ప్రెసిడెంటుగారి ఎదురుగానే, గొంతు దాచకుండా కూతుర్ని పిలిచింది. "ఎల్లమ్మా, బస్సు పోద్ది. మాస్టార్ని నేను చూసుకుంటాను."

దుర్గ దిగింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, గుండును ఎక్కణ్ణుంచి తీసిందో అక్కడికే జరిపి, పరుగెత్తింది. ఖాళీ కాటా మీద ఆ ఇనప గుండు యాభై ఒకటి గీత దగ్గరే ఉంది.