సగటున బాగానే ఉంది

మా మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు సగటు సారు. జ్వరం వస్తే వారం రోజుల సగటు తీసి, ఒళ్లు మామూలుగానే ఉందని ఆఫీసుకొచ్చే రకం. ఆయన వెనకాల ఈ జోకు మీద చాలాకాలం బతికాం. ఇప్పుడా పేరు తలుచుకుంటే నవ్వు రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

మా కంపెనీ వీడియో దుబాసీ సేవ నడుపుతుంది. వినపడనివాళ్లు కెమెరా ముందు సైగలతో మాట్లాడితే, మా దగ్గరుండే దుబాసీ అది చూసి అవతలివాళ్లకి నోటితో చెబుతుంది. వాళ్లు చెప్పింది తిరిగి సైగల్లో చూపిస్తుంది. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. వడ్రంగి పని చేస్తాడు. మా మరదలు పోయాక వాడి కూతుర్ని అమ్మమ్మ తీసుకెళ్లింది, ఇప్పుడు పంపనంటోంది. వినపడనివాడు ఆడపిల్లని ఎలా పెంచుతాడని ఆవిడ వాదన. పాప ఎవరి దగ్గర ఉండాలో తేల్చే అధికారిణి వాడితో మాట్లాడతానంది, అదీ మా సేవ మీదే. నేను పక్కన కూర్చుని వాడి సైగలు చెబుతానంటే, బంధువులు చెప్పింది చెల్లదన్నారు. అంటే పాప వాడింటికి రావడమో రాకపోవడమో ఆ ఒక్క కాల్‌లో తేలిపోతుంది.

దానికి కొద్ది రోజుల ముందే నాకో పని అప్పజెప్పారు. మా సర్వర్లలో ఉండేవి వర్చువల్ మెషీన్లు. ఒకే పెద్ద కంప్యూటర్‌ని లోపల్లోపల వాటాలేసి, ప్రతి వాటాకీ నువ్వే అసలు కంప్యూటర్‌వని నమ్మబలకడమన్నమాట, ఒకే ఇంట్లో నలుగురు కోడళ్లకీ విడివిడిగా పెత్తనం నీదేనని చెప్పినట్టు. అవి బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే ఒక్కోదానికీ నెట్‌వర్క్ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. పాత డ్రైవర్ అసలైన నెట్‌వర్క్ కార్డులా నటిస్తూ, ప్యాకెట్లనే సమాచారపు ముక్కల్లో ప్రతిదాన్నీ విడివిడిగా మోసి సర్వర్‌కి ఆయాసం తెప్పిస్తుంది. కొత్తదానికి ఆ నటన లేదు. ప్యాకెట్లని పోగేసి గంపగుత్తగా అందిస్తుంది. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పమన్నారు.

పెద్ద ఫైళ్లు పంపి కొలిస్తే కొత్తది మూడింతలు వేగం. సర్వర్‌కి అలుపూ తక్కువే. దుబాసీ కాల్ నడిపి చూస్తే మాత్రం కథ అడ్డం తిరిగింది. వీడియో కాల్‌లో ప్యాకెట్లు పలచగా వస్తాయి. నాలుగు టేబుళ్ల ఆర్డర్లు పోగైతే గానీ వంటింటి వైపు కదలని బేరర్‌లా, కొత్త డ్రైవర్ వాటిలో కొన్నిటిని పట్టుకుని కూర్చుంటుంది. ఆలస్యంగా చేరినవాటిని వీడియో ప్రోగ్రాం పారేస్తుంది. బొమ్మ ఆగిపోయినట్టు కూడా అనిపించదు. చెయ్యి ఇప్పుడు ఇక్కడుంటుంది, మరుక్షణం అక్కడుంటుంది, మధ్యలో ఏమైందో ఎవరికీ తెలీదు. గొంతు ఇలా తెగితే హలో హలో అని అరుస్తాం. సైగల్లో మాట ఎగిరిపోతే, పోయిందన్న సంగతే తెలీదు.

గ్రాఫులు పట్టుకెళ్లి సగటు సారు ముందు పెట్టాను.

"సగటు ఆలస్యం ఎంతుంది?" అన్నాడు.

"సగటున బాగానే ఉంది సార్. కానీ చూడాల్సింది సగటు కాదు. ఇదిగో, ఆలస్యం ఉన్నట్టుండి పైకి లేచిన ఈ ముళ్లు చూడండి."

"గ్రాఫన్నాక ముళ్లుంటాయమ్మా. మూడింతలు వేగం వస్తుంటే ముళ్లంటావేంటి?"

"ఆ పోగేసే సెట్టింగ్ ఒక్కటీ తీసేద్దాం. వీడియో మెషీన్లకి మాత్రమే."

"తీసేస్తే ఒక్కో సర్వర్‌లో ఇన్ని మెషీన్లు పట్టవు. పైవాళ్లకి నేనేం చెప్పను?"

"మా తమ్ముడు దీని మీదే మాట్లాడాలి సార్. పాప కోసం."

"మరింకేం, మూడింతలు వేగంగా మాట్లాడతాడు," అని నవ్వి, భుజం తట్టినంత పని చేశాడు. చెడ్డవాడు కాదు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే కనీసం తిట్టుకుని ఊరుకునేదాన్ని.

పైవాళ్లకి మెయిల్ పెట్టాను. వాళ్లు దాన్ని అభిప్రాయం కోసం ఆయనకే పంపారు. కొత్త డ్రైవర్ అన్ని మెషీన్లలోకీ ఎక్కేసింది.

కాల్ రోజు తమ్ముడు పనికెళ్లలేదు. జుట్టులో రంపపు పొట్టు పోయేదాకా తలంటుకున్నాడు. చేతులు బాగా కనపడాలని వెనక గోడకి నల్ల దుప్పటి కట్టి, టాబ్లెట్ పక్కన దీపం అటూ ఇటూ జరిపి, వెలుగు సరిపోయిందా అని నన్ను పదిసార్లు అడిగాడు.

తెర మీద దుబాసీ వచ్చింది. అధికారిణి గొంతు మాత్రమే వినిపించింది. "ఆయన అక్కగారు కూర్చోవచ్చు. మాట్లాడకూడదు," అంది. సరేనన్నాను.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. రాత్రిపూట పాప ఏడిస్తే ఎలా తెలుస్తుందని అధికారిణి అడిగింది. పక్కనే పడుకుంటానని, మంచం కదిలితే చాలు మెలకువ వస్తుందని చెప్పాడు. దుబాసీ ఆ మాటని ఒక్క ముక్క పోకుండా చక్కగా అంది. అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాను.

"మీరు పనికెళ్లినప్పుడు పాపని ఇంట్లో ఒంటరిగా వదిలేస్తారా?" అంది అధికారిణి.

తమ్ముడి చేతులు కదిలాయి. పాప, ఒంటరి, వదలడం. చివరి సైగతో పాటు తల అడ్డంగా ఊగింది. తెలుగులో వదులుతాను, వదలను అనే రెండు మాటల మధ్య ఉన్న తేడా అంతా వాడి భాషలో ఆ మెడ కదలికలోనే ఉంది. చేతులు రెండిటికీ ఒకటే చెబుతాయి.

"వదిలేస్తాను," అంది దుబాసీ, నిదానంగా, స్పష్టంగా. "పాపని ఒంటరిగా వదిలేస్తాను."

"కాదు!" అని అరిచాను. "వదలనన్నాడు! తల అడ్డంగా ఊపాడు, మీకు కనపడలేదు!"

"ఎవరు మాట్లాడేది?" అంది అధికారిణి.

"వాళ్లక్కనండి. ఆ వీడియో మా కంపెనీదే, అందులో మధ్యలో కొన్ని బొమ్మలు ఎగిరిపోతాయి. దయచేసి మళ్లీ ఒక్కసారి అడగండి."

"నాకు కనిపించిందే చెప్పాను మేడమ్," అంది దుబాసీ. ఆమె తప్పేముంది?

"చూడండి," అంది అధికారిణి, కోపం లేకుండానే. "మీరు అందించాక మళ్లీ అడిగితే వచ్చేది ఆయన జవాబు కాదు, మీ జవాబు. నేను విన్నది రాసుకున్నాను. లైన్‌లో లోపముందంటే ఆ సంస్థతో కాగితం రాయించి పంపండి, చూస్తాం." దుబాసీ ఇదంతా వాడికి సైగల్లో చెప్పబోతుండగానే కాల్ ముగిసింది.

వాకిట్లోకొచ్చి సగటు సారుకి ఫోన్ చేశాను. పాపం, కాల్ వివరాలన్నీ నమోదయ్యే లాగ్ వెంటనే తెరిచి చూశాడు.

"లాగ్ చూశానమ్మా. లైన్ ఎక్కడా తెగలేదు. ఆలస్యం కూడా సగటున బాగానే ఉంది."

"సగటు వద్దు సార్. ఆ ఒక్క క్షణం చూడండి. లోపం ఉందని ఒక్క కాగితం రాసివ్వండి."

"లేనిది ఉందని ఎలా రాయను? పైగా కొత్తది మేలని పోల్చి తేల్చింది నువ్వే కదా."

నేను తేల్చిందాంట్లో ఆయనకి కావలసిన సగమే పైకి వెళ్లిందని చెప్పాను. చూద్దాంలే, సోమవారం మాట్లాడదాం అన్నాడు. ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. చెయ్యగలిగిందంతా నేను ముందే చేసేశాను.

లోపలికెళ్లి జరిగింది తమ్ముడికి సైగల్లో చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది. ఆరిపోయిన టాబ్లెట్ ముందు కూర్చుని, నల్లటి తెరలో తన మొహం చూసుకుంటూ 'వదలడం' అని చేతులు కదిపి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ఊపాడు, ఇంకొంచెం గట్టిగా.

"అక్కా, నేను సరిగ్గా ఊపలేదా?" అని అడిగాడు.

"సరిగ్గానే ఊపావు."

"మరి ఆవిడకెందుకు కనపడలేదు?"

డ్రైవర్ అని చెప్పబోయాను. ఆ మాటకి మా దగ్గరున్న సైగ ఒక్కటే, రెండు చేతులతో స్టీరింగ్ తిప్పడం. వాడు నా చేతులకేసి అయోమయంగా చూసి, "ఏ బస్సు?" అన్నాడు. నేను చేతులు దించేశాను.

"ఈసారి ఇంకా పెద్దగా ఊపుతాను," అని మెడ నరాలు ఉబ్బేలా తల ఈ భుజం నుంచి ఆ భుజం దాకా తిప్పి చూపించాడు. "ఇంత చాలా?"

ఆ ఈసారి ఎప్పుడో, అసలు ఉందో లేదో నాకు తెలీదు. చాలన్నాను.