కంచ అమ్మిన యేడు

మొగుళ్లపల్లి దాటాక రోడ్డుకు ఎడమ పక్కన ముప్పై ఎకరాల గడ్డినేల ఉంది. చుట్టూ రాతి కడీలు పాతి, తీగ లాగి, పశువుల మేతకే వదిలిన నేల. అందరూ దాన్ని మధుకర్‌రావు కంచ అంటారు. ఖాసిం అందులో పశువులు కాస్తూ ఇరవై ఆరేళ్లు గడిపాడు. భార్య అజీజ్‌బీతో గేటు పక్క రేకుల ఇంట్లోనే కాపురం.

మూడేళ్ల కిందట తొలివానల వారంలో కంచలో తొమ్మిది ఆవులు వరసగా పడిపోయాయి. పొద్దున మేసిన పశువు సాయంత్రానికి లేదు. ముక్కుల్లోంచి నల్లటి రక్తం. దొమ్మరోగమని బయటపడితే తన పాలు ఎవరూ కొనరని మధుకర్‌రావు డాక్టరును పిలవనివ్వలేదు. ఖాసిం, తోటి జీతగాడు మొండయ్య కలిసి వాటిని ఉత్తరం మూల పల్లపు వంపులో మోకాలి లోతున పూడ్చారు. తోలు కోసం ఒకదాన్ని కోసిన మొండయ్యకు చేతిమీద నల్లటి పుండు లేచి, పది రోజుల్లో ప్రాణం పోయింది. ఆవులమీద పిడుగు పడిందనీ, మొండయ్యకు పురుగు ముట్టిందనీ మధుకర్‌రావు ఊళ్లో చెప్పాడు. ఖాసిం కాదనలేదు.

ఈ యేడు ఎండాకాలంలో మధుకర్‌రావు కంచను అమ్మకానికి పెట్టాడు. మరిపెడ నుంచి వెంకట్రాం అనే రైతు చూడటానికి వస్తున్నాడని తెలిసి ఖాసింను పిలిచాడు.

"నువ్వేం మాట్లాడకు ఖాసిం. నీ ఇల్లు, దాని సుట్టు పది గుంటల జాగ నీ పేరుమీద రాయిస్త. గీ వయసుల ఇంకెక్కడికి పోతవ్?"

"సరే పటేలా" అన్నాడు ఖాసిం.

వెంకట్రాం కంచ అంతా కాలినడకన తిరిగాడు. బోర్లు ఎండిపోయి మరిపెడలో ఉన్నదంతా అమ్ముకున్న మనిషి. ఇరవై రెండు ఆవులను తోలుకొచ్చి ఇక్కడే బతకాలని అతని ఆశ. ఉత్తరం మూలకు వచ్చి ఆగాడు.

"ఈడ గడ్డి మస్తుగున్నది! ఖాసిం భాయ్, నువ్వు పసులల్ల పెరిగినోనివి. నిన్నే అడుగుతున్న. గీ కంచల రోగం గీగం ఏమన్న వచ్చిందా ఎన్నడన్న?"

మధుకర్‌రావు నాలుగడుగుల దూరంలో ఫోన్ చూసుకుంటున్నాడు.

"లేదన్నా" అన్నాడు ఖాసిం.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. మధుకర్‌రావు మాట తప్పలేదు, పది గుంటల కాగితం ఖాసిం చేతికొచ్చింది. ఆవులు వచ్చిన రోజే ఖాసిం ముళ్లకంపలు కొట్టి వంపును మూసేశాడు. ఎందుకని వెంకట్రాం అడిగితే పాములుంటాయన్నాడు. కొత్త యజమాని మంచివాడు. తన పళ్లెం పక్కనే ఖాసిం పళ్లెం పెట్టించేవాడు. ఆ పూటల్లో ఖాసిం ఇవాళ చెబుదామనుకునేవాడు, చెప్పలేకపోయేవాడు.

వానలు పడ్డాయి. అజీజ్‌బీ కంటి ఆపరేషన్ కోసం ఖాసిం భూపాలపల్లి వెళ్లి మూడు రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి వంపు దగ్గర కంపలు పక్కకు లాగేసి ఉన్నాయి. గడ్డి బాగుందని వెంకట్రాం తమ్ముడు నిరంజన్ పశువులను అందులోకి వదిలాడు. కొట్టం ముందు ఒక ఆవు పడి ఉంది. ఎందుకు చచ్చిందో చూద్దామని నిరంజన్ కత్తి పట్టుకుని దాని పొట్ట దగ్గర కూర్చున్నాడు. అప్పటికే అతని చేతులకు రక్తం అంటింది.

"ముట్టకు! అది దొమ్మ!" అని అరుస్తూ ఖాసిం పరుగెత్తాడు.

పక్కనే ఉన్న వెంకట్రాం తలెత్తాడు. "సూడకముందే నీకెట్ల తెలుసు?"

ఖాసిం అక్కడే మొత్తం చెప్పాడు. తొమ్మిది ఆవులు, మొండయ్య, పది గుంటల కాగితం. నిరంజన్ అతని చొక్కా పట్టుకున్నాడు. వెంకట్రాం పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు.

డాక్టరు వచ్చేసరికి ఇంకా రెండు పడ్డాయి. "దొమ్మ అంటే ఆంత్రాక్స్. దీనికి టీకా ఉంది. సంగతి ముందే తెలిస్తే వానలకు ముందే వేసేవాళ్లం, ఒక్కటి కూడా పోయేది కాదు" అన్నాడాయన.

వెంకట్రాం ఖాసిం వైపు తిరిగాడు. "నిన్నడిగిన గద, భాయ్" అన్నాడు.

మొత్తం ఏడు ఆవులు పోయాయి. నిరంజన్‌కు చేతిమీద పుండు లేచింది కానీ, ఏ రోగమో ముందే తెలిసి సూదులు పడటంతో బతికాడు. ఖాసిం ఠాణాకు వెళ్లి జరిగిందంతా రాయించి వేలిముద్ర వేశాడు. మధుకర్‌రావు మీద కేసు నడుస్తూ ఉంది. ఈ నేలలో రోగం దశాబ్దాలపాటు ఉంటుందని డాక్టరు చెప్పడంతో, వెంకట్రాం మిగిలిన పశువులకు టీకాలు వేయించి, వాటిని బావమరిది ఊరికి పంపే ఏర్పాటు చేసుకున్నాడు.

లారీ వచ్చిన రోజు ఖాసిం పది గుంటల కాగితం తెచ్చి వెంకట్రాం ముందు పెట్టాడు.

"నాకొద్దు. నా ఆవులను జర ఎక్కియ్యి. వేరేటోళ్లు పిలిస్తే ఎక్కుతలెవ్వు" అన్నాడు వెంకట్రాం, అతని మొహం చూడకుండా.

ఖాసిం ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాడు. పదిహేనూ అతని గొంతు విని బల్లమీదుగా నెమ్మదిగా లారీలోకి ఎక్కాయి.