రెండో ఇత్తడి రేకు

శుక్రవారం పొద్దున కిటికీ తెర తీశాను. రాత్రంతా కురిసిన మంచు కింద మా అపార్ట్‌మెంటు వాకిట్లో కార్లన్నీ తెల్లటి మూటల్లా పడి ఉన్నాయి. ఒక్కటి తప్ప. నా కారు మీద మంచు లేదు.

గురువారమూ అంతే.

కిందికి దిగి చూశాను. అందరిలా ముందు అద్దం మాత్రం గీకి వదిలేయలేదు. పైకప్పు, దీపాలు, నంబరు పలక కూడా తుడిచారు. అద్దానికి అంటుకుపోకుండా వైపర్లు పైకి లేపి నిలబెట్టారు. మా ఊరు సువావ్కి మొత్తంలో ఇంత చాదస్తం ఒక్కడికే ఉండేది. మా ఆయన ఇగ్నాత్సికి. ఆయన ఏప్రిల్లో పోయాడు.

కారు మా పాత మలుఖ్. ఆవపిండి రంగు, అగ్గిపెట్టంత. వేసవిలో నేనే నడిపేదాన్ని. చలికాలంలో దాన్ని మంచులోంచి లేపడం ఆయన వంతు. గుర్రపు వెంట్రుకల బ్రష్ తలుపు వెనక మేకుకు తలకిందులుగా వేలాడేది, దాని పక్కనే ఆయన స్వయంగా చేసుకున్న ఇత్తడి రేకు. "తడి బ్రష్ డిక్కీలో పడేస్తే పొద్దునకి చీపురుకట్టే, లుద్వికా" అనేవాడు. ముందు బ్రష్‌తో మంచు తోసి, గడ్డకట్టింది మాత్రమే ఇత్తడి రేకుతో గీకాలి. వేడినీళ్ళు పోశారో, అద్దం పగిలినట్టే. ఇవన్నీ నేను చెయ్యలేను. పాత కార్లు సేకరించే ఒకాయన శనివారం అవుగుస్తుఫ్ నుంచి వస్తున్నాడు. అమ్మేస్తానని మాటిచ్చాను.

శనివారం తెల్లవారుతుండగా టీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర కాపు కాశాను. బొచ్చుటోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నా కారు దగ్గరికొచ్చాడు. మూడో అంతస్తు జెనోన్. మా ఆయనతో దశాబ్దాలుగా మాటల్లేని మనిషి. అతని చేతిలో ఏదో పసుప్పచ్చగా మెరిసింది. ఇగ్నాత్సి రేకు.

పరుగున వెళ్ళి తలుపు వెనక చూశాను. మా రేకు మేకు మీదే ఉంది.

వాళ్ళ గొడవ ఈ వాకిట్లో అందరికీ తెలిసిందే. అప్పట్లో ఇక్కడున్నవన్నీ మలుఖ్‌లే. మంచు కింద ఏది ఎవరిదో తెలిసేది కాదు. ఒక పొద్దున జెనోన్ తనదనుకుని మా కారు తుడిచాడు. అదీ పుట్టీ పెట్టే ఉక్కు రేకుతో. నంబరు పలక బయటపడ్డాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ముందు అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత. "నాదే అనుకున్నానయ్యా" అన్నాడు. "నీదనుకునే ఇంత ఘోరంగా గీశావా?" అన్నాడు ఇగ్నాత్సి. "నా కారు నా ఇష్టం" అన్నాడు జెనోన్. అంతే. మళ్ళీ మాటల్లేవు.

కోటు తగిలించుకుని కిందికి వెళ్ళాను.

"పొద్దున్నే దొంగపనులేంటి, జెనోన్ గారూ?"

అతను చెయ్యి ఆపలేదు. "దొంగైతే పట్టుకెళ్తాడమ్మా. ఈ మంచు నాకెందుకు?"

"ఆ రేకు ఎక్కడిది?"

"మీ ఆయన చేసిందే."

"మీకూ ఆయనకూ మాటలే లేవుగా."

"రేకుకి మాటలెందుకు?" అప్పుడు ఇటు తిరిగాడు. "ఆ గొడవయ్యాక ఒకరోజు నా వైపర్ కింద పేపర్లో చుట్టి పెట్టి ఉంది. పనితనం చూస్తే తెలియదా ఎవరిదో? అది మొద్దుబారినప్పుడల్లా, మంచు పడకముందే మీ గుమ్మం ముందు పెట్టేవాణ్ణి. మర్నాటికి పదునెక్కి నా గుమ్మం ముందుండేది."

ఏటా చలి మొదలయ్యే ముందు వంటింటి బల్ల మీద రెండు రేకులు ఉండేవి. రెండోది ఎందుకని అడిగితే "ఉండనీ, అదనం" అనేవాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి థాంక్స్ చెప్పలేకపోయారా?"

"చెబితే ఆయన బదులివ్వాలిగా. అంత పంతం పట్టిన మనిషి పరువేం కావాలి?" రేకు అంచు వేలితో తడిమాడు. "ఈ ఏడు మొద్దుదే. మీ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాను."

"మరి నా కారెందుకు తుడుస్తున్నారు?"

"మంచు తుడిచే దిక్కులేక అమ్మేస్తున్నానని రొట్టెల కొట్లో అన్నారట. తుడిచేవాడుంటే ఆగుతారేమోనని." వైపర్లు లేపి నిలబెట్టాడు. "ఇదీ పోతే ఈ వాకిట్లో ఇక నేను ఎవరితో మాట్లాడకుండా ఉండాలి?"

పొద్దెక్కాక అవుగుస్తుఫ్ ఆయన ట్రాలీతో వచ్చాడు. మర్యాదస్థుడు. బూట్ల మంచు దులుపుకుని కారు చుట్టూ తిరిగాడు. ముందు అద్దం మీద వేలు పోనిచ్చాడు.

"బండి భలే ఉంచారమ్మా. ఈ గీత పడ్డ అద్దం ఒక్కటీ తీసి పారేసి కొత్తది వేయిస్తే చాలు."

పిసరంత తుప్పు కనిపిస్తే నిద్రపోని ఇగ్నాత్సి ఆ అద్దం మాత్రం మార్చలేదు. ఎన్నిసార్లు పోరినా ఒకటే మాట: "ఉండనీవే. ఏది మనదో గుర్తుపట్టొచ్చు."

"ఇంత దూరం తిప్పినందుకు ఏమీ అనుకోకండి" అన్నాను. "అమ్మడం లేదు."

ఆయన టీ తాగి, గసగసాల కేకు తిని, ఖాళీ ట్రాలీతో వెళ్ళిపోయాడు. మూడో అంతస్తు కిటికీ తెర కదిలింది.

మధ్యాహ్నం చెత్త పారేద్దామని తలుపు తీస్తే గుమ్మం ముందు పేపరు పొట్లం. విప్పాను. మొద్దుబారిన రేకు.

ఇగ్నాత్సి సొరుగులోంచి సన్న గరుకు కాగితం తీసి బల్ల మీద పరిచాను. రేకు నిటారుగా పట్టి, ఆయన లాగినట్టే ఒకే వైపుకి లాగాను. మొదట వంకర పోయింది. మెల్లగా దారికొచ్చింది. తర్వాత మేకు మీదున్న మా రేకు తీసి దానికీ పదును పెట్టాను.

చీకటిపడకముందే అతని రేకు అదే పేపర్లో చుట్టి మూడో అంతస్తుకి ఎక్కాను. లోపల రేడియో మోగుతోంది. పొట్లం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా దిగి వచ్చేశాను.