నర్మద వేసిన ముడి

తాలూకా దవాఖానాలో పన్నెండేళ్లుగా కాంపౌండర్ని. ఆపరేషన్ అంటే మత్తు ఇచ్చేది నేనే. తీగ చట్రానికి గాజుగుడ్డ చుట్టి, ముక్కు మీద పెట్టి, ఈథర్ చుక్కలు చుక్కలుగా వేస్తాను. ఆ రోజు మాత్రం బల్ల మీద ఉన్నది నా చెల్లెలు నర్మద.

గర్భం సంచిలో కాక పక్క నాళంలో నిలిచి పగిలింది. బండిలో వస్తుండగానే సగం రక్తం పోయింది. "నువ్వు బయట నిలబడు సిద్దిరాములూ" అన్నారు డాక్టర్ రామకిషన్‌రావు గారు. నేను బయట నిలబడితే మత్తు ఎవరిస్తారు, ఆయన తాతా? సీసా తీసుకుని తల దగ్గర కూర్చున్నాను.

కడుపు కోయగానే కణత మీద నా వేలి కింద నాడి పోయింది.

"సార్, నాడి దొరుకుతలేదు. ఈథర్ ఆపాల్నా?"

"ఆపకు, వేస్తనే ఉండు. మత్తుల ఉన్న మెదడుకు రక్తం తక్కువైనా సరిపోతది."

ఆ మాట ఆయన ఏదో పత్రికలో చదివారు. ఆ పత్రిక తగలబడ! నేను వేస్తూనే ఉన్నాను. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాక నాడి సన్నగా మళ్లీ తగిలింది.

రెండు రోజులు నర్మద కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ పడుకుంది. మాట లేదు. ఆమె మొగుడు బాలమల్లు వరండాలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, బుద్ధి మంచిగనే ఉంటదా? మమ్ముల గుర్తువడ్తదా?"

"మందు కాపాడింది. ఫికర్ చెయ్యకు" అన్నాను. అది డాక్టరు గారి మాటే. నాకు తెలిసింది సున్నా.

మూడో రోజు మమ్మల్ని కన్న అవ్వ కనకవ్వ కొంగులోంచి రెండు నూలు పోగులు తీసి నర్మద వేళ్ల మధ్య పెట్టింది. మా పద్మశాలి ఇళ్లలో తెగిన పోగు అతకడం పలక పట్టకముందే వస్తుంది. నర్మద వేళ్లు కదిలాయి. పోగు మీద పోగు వేసి, తిప్పి, బిగించి, మిగిలిన కొసను పంటితో తెంపింది. నిమిరితే తగలనంత సన్నటి ముడి.

"చూసిన్రా! నా బిడ్డ బుద్ధి యాడికీ పోలే!" అని అవ్వ అరిచింది. బాలమల్లు ఏడ్చాడు. డాక్టరు గారు ముడిని కిటికీ వెలుగులో చూసి, నవ్వి, కుట్లు విప్పాక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాకూ ప్రాణం లేచివచ్చింది. మగ్గం ఇంట్లో పుట్టినవాడిని, అంత మంచి ముడి వేసిన మనిషికి బుద్ధి లేదని నాకెట్లా తోస్తుంది?

ఆమె ఇల్లు చేరాక వచ్చిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఐదేళ్ల కూతురు అనసూర్య తల్లి ఒడిలో కూర్చుంది. నర్మద పిల్ల జుట్టులోంచి రెండు వెంట్రుకలు పట్టుకుని ముడివేసి, కొస కొరికింది. మళ్లీ రెండు. తల నిండా ముడులే.

"నొస్తున్నదే అవ్వా!" అని పిల్ల తల్లి చేతులు నెడుతూ ఏడ్చింది.

నర్మద తలెత్తి నన్ను చూసింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటి మాట.

"గీ పిల్ల ఎవలది?"

నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కత్తెర తెచ్చి ముడులు కత్తిరిస్తూ కూర్చున్నాను. ఈథర్ ఆ వేళ్లనైనా మిగిల్చిందా? నేను ఆపి ఉంటే మనిషే మిగిలేదా? డాక్టరు గారికీ తెలియదు.

"మందు కాపాడిందంటివి గద బావా" అన్నాడు బాలమల్లు, గుమ్మంలోంచి. కోపంగా కూడా అనలేదు.

నేను కత్తిరిస్తూనే ఉన్నాను. కింద పడ్డ వెంట్రుకలను నర్మద ఒక్కొక్కటే ఏరి, మళ్లీ అతుకుతోంది.