ఆదివారం జ్వరం

నెల్లూరులో సహకార సంఘాల శిక్షణకు వెళ్ళివచ్చినప్పటి నుంచి కామాక్షయ్యకు ఆదివారమంటే భక్తి పుట్టింది. అక్కడ ఒక ఆదివారం చేపల శాఖ అధికారికి నమస్కారం పెట్టడానికి ఆయన ఇంటికి వెళ్ళాడు. అధికారి వసారాలో పడకకుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని, “ఇవాళ ఆదివారం” అన్నాడు. ఆ ఒక్క మాటకే గుమాస్తాలూ కాంట్రాక్టర్లూ చప్పుడు చేయకుండా మెట్లు దిగిపోయారు. కామాక్షయ్య కూడా దిగాడు. పని చేసేవాడి కన్నా, పని ముట్టనని కూర్చున్నవాడికే లోకం ఎక్కువ భయపడుతుందని దిగుతూ దిగుతూ గ్రహించాడు.

తనూ ఇప్పుడు జాలర్ల సంఘానికి ప్రెసిడెంటు. సూళ్ళూరుపేట వడ్రంగి మౌలా చేత పడకకుర్చీ చేయించాడు. గోడకు క్యాలెండరు తగిలించాడు. “ఆదివారం నన్నెవురూ పిలవబాకండి. ఇంట్లో ఉంటా,” అని సంఘం సమావేశంలో ప్రకటించాడు. ఎందుకుంటాడో ఎవరికీ అర్థం కాలేదు కనుక ఎవరూ కాదనలేదు.

పులికాట్ ఒడ్డున ఆ ఊళ్ళో వారాలకు విలువ లేదు. వంతులకే విలువ. సముద్రం సరస్సులోకి చొరబడే చోట రొయ్య బాగా పడుతుంది. అక్కడ ఏ రోజు ఏ ఇంటి వల పడాలో తాతల నాడే వరస ఏర్పడింది. వంతు రోజున పడవ కదల్లేదంటే ఇంట్లో చావైనా జరిగి ఉండాలి, మనిషికి జబ్బైనా చేసి ఉండాలి. అప్పుడు తరువాతి వంతువాడు వల వేసి, పట్టులో సగం ఆ ఇంటికి పంపుతాడు. ఊరికే కూర్చున్నవాడికి సగమూ లేదు, వరసలో చోటూ లేదు. అతని ఇల్లు వరస చివరికి జారుతుంది. మళ్ళీ వంతు వచ్చేసరికి రొయ్యల కాలం దాటిపోతుంది. అయితే ఊరికే కూర్చున్నవాణ్ణి ఆ ఊరు ఇంతవరకూ చూడలేదు.

మొదటి ఆదివారాలు కష్టంగానే గడిచాయి. కుర్చీలో వాలితే వీపుకు సుఖం తెలిసేది కాని చేతులకు తెలిసేది కాదు. అవి తమంతట తామే తుండుగుడ్డ అంచులు పట్టుకుని వల ముళ్ళు వేసేవి. ఆయన వాటిని ఒడిలో దాచుకునేవాడు.

ఆశ్వయుజం చివర, ఈశాన్యపు తొలి వానలు పడి సరస్సు నిండిన రోజుల్లో, తెల్లవారుతూనే భార్య పోలేరమ్మ తట్టి లేపింది.

“లెయ్యయ్యా. ఈ పొద్దు మన వంతు.”

కామాక్షయ్య క్యాలెండరు వైపు చూశాడు. అంకె ఎర్రగా ఉంది. రెండు ధర్మాలు ఒకే రోజున వచ్చి పడతాయని ఆయనకు తోచనే లేదు.

“ఈ పొద్దు ఆదివారం,” అన్నాడు.

“ఆ సంగతి రొయ్యలకి చెప్పొచ్చినావా?”

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు పడవ ఎక్కితే ఊరు నవ్వుతుంది. ఎక్కకపోతే వంతు పోతుంది. తనను కుర్చీకి కట్టిపడేసింది ఆ నవ్వు భయమేనని లోపల తెలుస్తూనే ఉంది. దానికి నియమం అని పేరు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

పొద్దు పొడిచింది. పడవ ఒడ్డునే ఉంది. పక్కింటి ముసలి కామమ్మ జుట్టు విరబోసుకుని ఏడుస్తూ వచ్చింది.

“అయ్యో తల్లీ, ఎవురు పొయినారే?”

“ఎవురూ పోలేదత్తా,” అంది పోలేరమ్మ.

కామమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న మనిషిని చూసి, నమ్మక, గొంతు పెంచింది. కామాక్షయ్య కళ్ళు తెరిచాడు.

“బతికే ఉండా.”

“బతికుంటే ఇంట్లో ఏం పనిరా నీకు?” అంది ఆమె కోపంగా. తెచ్చుకున్న ఏడుపును ఏం చేయాలో తెలియక అరుగు మీద కూలబడింది.

అంతలో ఊరిపెద్ద చెంచయ్యను వెంటబెట్టుకుని ముత్యాలయ్య వచ్చాడు. తరువాతి వంతు అతనిదే.

“ఒక్క మాట చెప్పు బావా. జొరమైతే సగం నీకు తెచ్చిస్తా. కాదంటే అంతా నాదే,” అన్నాడు నవ్వుతూ.

“చెప్పబ్బయ్యా. పొద్దెక్కతా ఉంది,” అన్నాడు చెంచయ్య.

“జొరం! రేయంతా మూలిగినాడు,” అంది పోలేరమ్మ గడపలోంచి.

ఆదివారం అనే మాట కామాక్షయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ముత్యాలయ్య నవ్వు ఇంకొంచెం వెడల్పయింది.

“ఒళ్ళు... కొంచెం వెచ్చగానే ఉంది,” అన్నాడు కామాక్షయ్య.

“జొరమొచ్చినోడికి కుర్చీ ఏంది? పండుకోబెట్టండి,” అని తీర్పు చెప్పి చెంచయ్య వెళ్ళిపోయాడు.

ఆయనను మంచమెక్కించి కంబళి కప్పారు. కిటికీ మూశారు. చేతికి పని దొరికిన కామమ్మ నేలవేము కషాయం కాచి, ఆఖరి చుక్క దిగేదాకా నెత్తినే నిలబడింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ నుదురు తాకి చూశారు. అలా తాకే కొద్దీ అది వేడెక్కుతూ వచ్చింది. మధ్యాహ్నానికి నిజంగానే వణుకు పుట్టింది. కామాక్షయ్యకు ప్రాణం కుదుటపడింది. తను అబద్ధం ఆడలేదన్నమాట. ఒంటికి ముందే తెలుసు, నోటికి ఆలస్యంగా తెలిసింది. ఆ తరువాత ఇంకో అనుమానం వచ్చింది. నెల్లూరు అధికారి ప్రతి ఆదివారం దేనికి భయపడి కళ్ళు మూసుకుంటాడో!

సాయంత్రం ముత్యాలయ్య గంపెడు రొయ్యలు దించాడు.

“నీ జొరం మంచిది బావా! ఇంత పట్టు ఈ ఏడు నేను చూళ్ళా. మళ్ళెప్పుడు తెచ్చుకుంటావ్?”

పోలేరమ్మ రొయ్యలు ఒలిచి పులుసు పెట్టింది. ఇల్లంతా వాసన కమ్ముకుంది. పొద్దుటి నుంచీ కషాయం తప్ప ఏమీ ఎరుగని కామాక్షయ్య కడుపు లేచి కూర్చుంది. ఆమె చేతులు కడుక్కుని, నడుం పట్టుకుని, కూర్చోవడానికి చోటు వెతికి, పడకకుర్చీలో వాలింది.

“ఏమే, అన్నం పెట్టవా?” అన్నాడు మంచం మీంచి.

ఆమె కళ్ళు తెరవలేదు.

“జొరంలో రొయ్యలు తినగూడదు. గంజి పొయ్యి కాడుంది.”

వాకిట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే అరుగు దాటాలి. అరుగు మీద కామమ్మ ఇంకా కషాయం గిన్నెతో కాపలా ఉంది. కామాక్షయ్య కాసేపు ఆలోచించి, కంబళి గడ్డం దాకా లాక్కున్నాడు. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.