పాడు మెట్టు

నా కొట్టుకి వేరే కప్పంటూ లేదు. మేడమెట్లే కప్పు. చెక్క మెట్లు, నిటారుగా ఉంటాయి. వాటి కింద ఉన్న కాస్త చోటులోనే నా కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, దారాల అర. వెనక చిన్న గది, అందులోనే నా వంటా పడకా. మేడ మీద రెండు వాటాలు. ఒకదాంట్లో మా అక్కా బావా ఉంటారు, రెండోదాంట్లో గడియారాలు బాగుచేసే తాత ఉండేవాడు. ఎవరు ఎక్కినా దిగినా నా నెత్తి మీంచే. ఏ అడుగు ఎవరిదో చొక్కాకి కాజా కుడుతూ తలెత్తకుండా చెప్పేస్తాను. అదేమీ గొప్ప కాదు, నా ఖర్మ.

ఆ మెట్లలో పైనుంచి మూడోది పాడు మెట్టు. నాన్న బతికున్న రోజుల్లోనే వదులైపోయింది. కాలు పెడితే విరగదు గానీ, తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. దాన్ని తొక్కకండర్రా అన్నారు నాన్న. తొక్కడం మానేశాం. బాగుచేయించుదామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు, మా ఇంటి తెలివి అలాంటిది. దిగేటప్పుడు మూడోది దాటేసి నాలుగో మెట్టు మీద దబ్బున కాలేస్తాం. ఎక్కేటప్పుడూ అంతే, నాలుగో దాని మీద బరువంతా మోపి ఒక్క సాగు సాగి రెండోది అందుకుంటాం. నిద్రమత్తులో ఉన్నా కాలికి తెలిసిపోతుంది. వీధిలో వాళ్ళకీ ఈ సంగతి తెలుసు. మెట్టు అరిచిందంటే ఎవరో కొత్త మనిషన్న మాట. "ఎవరది?" అని కొట్లోంచి నేనూ అరుస్తాను.

తాత పడిపోయిన పొద్దున ఆ మెట్టు అరవలేదు.

నేను వెనక గదిలో పొయ్యి వెలిగిస్తున్నాను. పైన తలుపు తీసిన చప్పుడు, నెమ్మదిగా తాత అడుగులు. ఒకటి, రెండు, తర్వాత మామూలుగా ఉండే ఖాళీ. ఆ ఖాళీ తర్వాత పడాల్సిన అడుగు పడలేదు. చెక్క ఊడి నా కత్తిరింపుల బల్ల మీద పడింది. దాంతోపాటే మనిషి దొర్లుకుంటూ కింది దాకా వచ్చేశాడు. నేను బయటికి పరుగెత్తేసరికి తాత రాతి గచ్చు మీద పడి ఉన్నాడు. పక్కన ఖాళీ పాలగిన్నె. తల అటు తిరిగిపోయి ఉంది. పిలిచాను, కుదిపాను. పలకలేదు. నా చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి, నా కళ్ళ ముందు అలా పోయాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, ఊడిన నాలుగో మెట్టు చూశాడు, పైకీ కిందికీ చూశాడు. "పాత చెక్క, ముసలి ప్రాణం. ఏం చేస్తాం" అన్నాడు. వీధంతా అవునవునంది. ఎదురు కొట్లో రొట్టెలు కాల్చే ఆవిడ కళ్ళొత్తుకుంటూ అందరికీ టీ పోసింది. మధ్యాహ్నం కాకముందే బావ సుత్తీ మేకులూ తెచ్చి ఊడిన చెక్కని తన చేత్తోనే బిగించేశాడు. "ఇంకొకళ్ళు పడకూడదు కదా" అన్నాడు. అబ్బ, ఎంత మంచివాడో అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను. బావంటే ఎవరికి ఇష్టం లేదు గనక? పెళ్ళిళ్ళకైనా చావులకైనా ముందు నిలబడే మనిషి. ఏడ్చేవాళ్ళని కూడా నవ్విస్తాడు.

సాయంత్రం దారం కోసం అర జరిపితే, వెనక గోడవార రెండు అడ్డకర్రలు కనిపించాయి. నాలుగో మెట్టుని కింద నుంచి మోసే కర్రలవి. విరగలేదు. మరలు ఊడదీసి, పక్కపక్కన శుభ్రంగా నిలబెట్టి ఉన్నాయి. ఊడిపడ్డ కర్రలు వాటంతటవే గోడకి ఆనుకుని నిలబడతాయా?

వెళ్ళి ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాను. ఆయన బావని అడిగాడు. "నేనే పెట్టానండీ. బిగించేటప్పుడు కొత్తవి వేశాను, పాతవి అక్కడ పెట్టాను" అన్నాడు బావ, ఇంత కూడా తడుముకోకుండా. ఇన్‌స్పెక్టర్ నా వంక జాలిగా చూశాడు. చుట్టుపక్కల ఎవరు పోయినా హత్యే అనుకునే ఆడవాళ్ళని చాలామందిని చూసుంటాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ అప్పటికి నాకూ బావ మీద అనుమానం లేదు.

అక్క దగ్గరికి వెళ్ళాక వచ్చింది.

అక్క జ్వరంతో పడుకుని ఉంది. తాతని తలుచుకుని ఒకటే ఏడుపు. "నా వల్లే పోయాడే" అంది. "రోజూ పొద్దున్నే ముందు దిగేది నేను కదా, పాలకి. ఇవాళ లేవలేకపోయాను. నా దగ్గు విని తాత తలుపు కొట్టాడు. నువ్వు పడుకో తల్లీ, నేను తెస్తానని గిన్నె తీసుకెళ్ళాడు. ఏనాడూ అంత పొద్దున్నే దిగని మనిషి."

"బావ ఏం చేస్తున్నాడప్పుడు?" అన్నాను.

"నా పక్కనే, మెలకువగానే ఉన్నారు. తాత గిన్నె అడిగితే అదిగో అక్కడుందని చూపించింది కూడా ఆయనే. పెద్దాయన్ని పంపడమెందుకు, మీరు వెళ్ళకూడదా అన్నాను. మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నారు. పాపం, ఆయనకీ ఒంట్లో బాగుండలేదేమో."



ముందు రోజు సాయంత్రం గుర్తొచ్చింది. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళుతుంటే బావ ఎదురై, "నువ్వెళ్ళు మరదలా, కొట్టు నేను చూసుకుంటా" అన్నాడు. తిరిగొచ్చేసరికి నా కత్తిరింపుల బల్ల మీద, తెల్లగుడ్డ మీద, ఇంత బూటు అచ్చు. తల వాచేలా తిట్టాను. "బల్బు వదులైతే బిగించాను, దానికింత రాద్ధాంతమా" అని నవ్వుతూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు అరిచింది పాడు మెట్టు. "ఇన్నేళ్ళొచ్చాయి, దాన్ని తొక్కావేంటి బావా?" అని కింద నుంచి అరిచాను. "ఏదో పరధ్యానం!" అన్నాడు.

పరధ్యానంలో ఉన్నవాడు అలవాటైన చోటే కాలేస్తాడు. పాడు మెట్టు తొక్కాలంటే గుర్తుపెట్టుకుని తొక్కాలి. నాలుగో దాని మీద కాలెయ్యకూడదని తెలిసిన మనిషే దాన్ని తొక్కుతాడు. బయటివాడెవడైనా నాలుగో మెట్టు మీద తేలిగ్గా అడుగేసి బతికిపోయేవాడేమో. దబ్బున బరువు వేసేది మేమే.

అది తాత కోసం పన్నింది కాదు. పొద్దున్నే ముందు దిగేది మా అక్క.

ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు పడితే ఒట్టు. ఇది ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? మెట్టు అరిచిందని చెబితే ఇన్‌స్పెక్టర్ నాకు మంచినీళ్ళిచ్చి పంపిస్తాడు. అక్కకి చెబితే నా మొహం చూడటం మానేస్తుంది, ఇంకా గట్టిగా ఆయన్నే పట్టుకుంటుంది. తెల్లారితే ఆ మెట్లు దిగేది అక్కే. పొద్దున్నే నేనే పాలు తీసుకెళ్ళి పైన ఇచ్చాను, నాలుగో మెట్టుని ముందు చేత్తో నొక్కి చూసి మరీ. గట్టిగానే ఉంది. తలుపు దగ్గర బావ నవ్వుతూ నిలబడి, "ఏంటి మరదలా, మెట్లకి దణ్ణం పెడుతున్నావా?" అన్నాడు. అంతా చూశాడన్న మాట.

తాత అంత్యక్రియలకి వీధి వీధంతా కదిలింది. అక్కకి జ్వరం తగ్గింది, తనూ వచ్చింది. బావ మాత్రం రాలేదు. "మీరు వెళ్ళండి. ఆ మెట్టు ఇంకాస్త గట్టిగా బిగిస్తాను. మళ్ళీ ఏదైనా జరిగితే నా మనసు ఊరుకోదు" అన్నాడు. అందరిలో ఏమంటాను? కొట్టుకి తాళం వేశాను గానీ, దాని రెండో తాళంచెవి అక్క ఇంట్లోనే ఉందని దారిలో సగం దూరం పోయాక గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమంతా నేను తాత కోసం ఏడవలేకపోయాను. భయంతో కన్నీళ్ళు కూడా రాలేదు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అక్క మెట్ల వైపు వెళ్ళబోతే చెయ్యి పట్టి కొట్లోకి లాగాను.

"కాసేపు కూర్చో, పైకి పోకు."

"ఏంటే నీ గోల, కాళ్ళు లాగేస్తున్నాయి" అంటూ కూర్చుంది.

"బావ నీకు కోటేమైనా ఇచ్చాడా? ఎర్రది, మెడ దగ్గర బొచ్చు పట్టీ ఉన్నది."

"ఏ కోటు?"

"పోయిన చలికాలం తెచ్చి నడుం దగ్గర బాగా బిగించమన్నాడు. నీకేనట, చెప్పొద్దన్నాడు. నీ పెళ్ళాం నడుం చూసి ఎన్నాళ్ళయింది బావా అని నవ్వాను కూడా. నువ్వందులో పట్టవక్కా. ఆ కోటు వేసుకునే మనిషి వేరే ఎక్కడో ఉంది."

అక్క మొహం మాడిపోయింది. నేను ఆగలేదు, అన్నీ చెప్పేశాను. బూటు అచ్చు, అడ్డకర్రలు, పరధ్యానం. మేడ మీది వాటా నాన్న అక్క పేరనే రాశారని, అక్క బతికుండగా బావ అక్కడికి ఇంకెవర్నీ తేలేడని కూడా చెప్పాను. అక్క చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అంతకంటే ఘోరంగా, మెల్లగా మాట్లాడింది. "నీకు పెళ్ళి కాలేదని నా కాపురం మీద పడ్డావా? నాకు కాలు విరిగితే ఆ మెట్ల మీదుగా నన్ను ఎత్తుకుని దించిన మనిషాయన. ఇంకొక్క మాటంటే నీ గుమ్మం తొక్కను."

తను లేచింది. వెళ్ళిపోతోంది, ఆ మెట్లే ఎక్కబోతోంది. కొంగు పట్టుకుని ఆపాను.

అప్పుడు పైన తలుపు తెరుచుకుంది. బావ అడుగులు. నేను వేలెత్తి మెట్ల వైపు చూపించాను. అక్క విసుగ్గా తలెత్తింది.

ఒకటి. రెండు.

పాడు మెట్టు అరిచింది.

ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ దాటాక మిగిలిన మెట్లు మామూలుగా, ఒక్కొక్కటీ.

అక్క అలాగే పైకి చూస్తూ ఉండిపోయింది. నాకంటే బాగా తెలుసు తనకా చప్పుడు, ఆ ఇంట్లో పుట్టిన మనిషి. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

బావ కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇక్కడున్నావా? అలిసిపోయి ఉంటావు, పద పైకి. మెట్టు ఉక్కులా బిగించాను" అన్నాడు నవ్వుతూ. ఎంత చల్లని నవ్వో.

"పదండి" అంది అక్క. "మీరు ముందు ఎక్కండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మీ వెనకే వస్తాను."

అంత్యక్రియల నుంచి వచ్చినవాళ్ళు ఇంకా వీధిలోనే ఉన్నారు. రొట్టెల ఆవిడ, మంగలి, ఇంకో నలుగురైదుగురు మాటలాపి మా వైపు చూస్తున్నారు. బావ వాళ్ళనీ చూశాడు, అక్కనీ చూశాడు. మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అక్క కిందే నిలబడింది. నేను తన పక్కన.

నాలుగో మెట్టు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఎక్కండి" అంది అక్క.

మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నాడు. కాలెత్తాడు. నాలుగో దాన్ని దాటించి పాడు మెట్టు వైపు చాపబోయాడు.

"దాని మీద కాదు. మేమందరం వేసే చోటే వెయ్యండి. బిగించింది మీరే కదా."

కాలు గాల్లోనే ఆగి, వెనక్కి వచ్చేసింది. వీధిలో ఎవరూ కదల్లేదు. మంగలి ఒక్కడు మాత్రం ఇన్‌స్పెక్టర్ ఉండే వీధి వైపు గబగబా నడిచాడు. బావ వెనక్కి తిరిగాడు. మొహంలో నవ్వింకా పూర్తిగా పోలేదు, దాన్నేం చేసుకోవాలో తెలియక అలా ఉంచుకున్నట్టుంది.

అక్క నా చెయ్యి వదిలి కింది మెట్టు దగ్గరికి వెళ్ళింది. అరవలేదు, తిట్టలేదు. ఏదో ఇంటి విషయం అడుగుతున్నట్టే అడిగింది.

"తాత పాలకి వెళతానంటే గిన్నె చూపించారు కదండీ. వద్దని ఒక్క మాట అనడానికి మీకు నోరు రాలేదా?"

అక్క కింది మెట్టు మీద కూలబడి, తాత కోసం ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.